కారం కాదు, ఘాటు

ఇంగ్లీషులో మిరపకాయా 'హాటే', హార్స్‌రాడిషూ 'హాటే'. మనకి మాత్రం కారం వేరు, ఘాటు వేరు. హార్స్‌రాడిష్‌ది ఘాటు. నాలుక్కంటే ముక్కుకే ఎక్కువ తగులుతుంది, ఆవపిండి నూరినప్పుడు వచ్చేలాగా. ఆవాలకి ఇది చుట్టమే లెండి. రెండింట్లోనూ ఘాటుకి కారణం అల్లైల్ ఐసోథయోసయనేట్.

తమాషా ఏంటంటే, తురమని వేరుకి పెద్దగా వాసనే ఉండదు. దాని కణాల్లో సినిగ్రిన్ ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. తురిమితే రెండూ కలుస్తాయి, ఘాటు అప్పుడు పుడుతుంది. వెనిగర్ పోస్తే ఆ పని ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే వెనిగర్ ఒక బ్రేక్ స్టేట్‌మెంట్. తురిమిన వెంటనే పోస్తే ఘాటు తక్కువ. ఓ 3 నిమిషాలు ఆగి పోస్తే కళ్ళలో నీళ్ళే!

మాస్టర్స్‌కి అమెరికా వెళ్ళే సీనియర్లూ, అక్కడ రెడీమేడ్ సీసా కొంటే ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేదే తీసుకోండి. లేబుల్ మీద వేరు, వెనిగర్, ఉప్పు ఉంటే దాదాపు చాలు. క్రీమ్ కలిపిన 'హార్స్‌రాడిష్ సాస్' ఘాటు కోసమైతే దండగ. డేట్ కూడా చూడండి, ఎందుకంటే ఈ ఘాటు మిరప కారంలా నిలవుండదు, ఆవిరైపోతుంది. గోధుమ రంగుకి తిరిగిందంటే పాతబడినట్టే.

నిజంగా ఘాటు కావాలంటే మాత్రం పచ్చి వేరు కొని ఇంట్లో తురుముకోవడమే. ఇలినాయ్‌లోని కాలిన్స్‌విల్ చుట్టుపక్కల దీన్ని బాగా పండిస్తారు. మిక్సీ మూత తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టండి, కిటికీ ముందే తెరవండి.