ఎర్ర బీడును దున్నే ముందు ఒక గుంత తవ్వండి

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం వైపు, గొర్రెలు మేసే ఎర్ర బీళ్లు చాలా ఉన్నాయి. అలాంటి బీట్లో మూడడుగుల గుంత తవ్వి, గోడను కొడవలితో గీకి చూడండి.

పై పొర: నాలుగైదు అంగుళాలు, ఇసుక పాలు ఎక్కువ. గడ్డి వేర్లు, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండేది ఇక్కడే. గడ్డి లేని చోట వాన చినుకుల దెబ్బకు పెచ్చు కడుతుంది. ఇక నీళ్లు ఇంకవు, పారిపోతాయి.

నడిమి పొర: ఎరుపు ముదురుతుంది, ఆ రంగు ఇనుముది. పైనుంచి దిగిన బంకమట్టి ఇక్కడ చేరుతుంది. తడిపి పిసికితే రిబ్బన్‌లా సాగుతుంది. తేమ దాచేది ఇదే, ఎండితే బిగుసుకునేదీ ఇదే.

అడుగు పొర: చివికిన గ్రానైట్ గరుసు. తెల్ల గడ్డలుంటే నిమ్మరసం పిండండి. నురగొస్తే సున్నం ఉన్నట్టే.

వేర్లు ఎక్కడ ఆగాయో అంతవరకే మీ నేల లోతు. పై పొర కొట్టుకుపోతే మన జీవితకాలంలో మళ్లీ తయారవదు. అందుకే వాలు బీడును లోతుగా దున్నొద్దు. ఒక వానకాలం మేత ఆపి గడ్డిని గింజ కట్టనివ్వండి, వాలుకు అడ్డంగా రాతి కట్టలు వేయండి. పొరలు వీడియోలో చూసి పోల్చుకోండి. చూశాక గుంత పూడ్చేయండి, గొర్రెలు పడతాయి.