భూతాపం: ప్రకృతి పాత్ర ఎంత? మనిషి పాత్ర ఎంత?

ఎండలు పెరిగిపోయాయని అనగానే చాలామంది, “వాతావరణం పూర్వం కూడా మారింది కదా! ఇందులో మనిషి చేసిందేముంది?” అంటుంటారు. ఈ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం పొరపాటు. నిజంతో పొరపాటు కలిసిపోయినప్పుడు రెండింటినీ వేరు చేసి చూడటం అవసరం. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

ప్రకృతి సిద్ధమైన కారణాలు

ఇవి ముఖ్యంగా మూడు. మొదటిది, భూమి గమనం. భూకక్ష్య ఆకారం, భూమి అక్షం వంపు అతి నెమ్మదిగా మారుతుంటాయి. సెర్బియా శాస్త్రజ్ఞుడు మిలుటిన్ మిలాంకోవిచ్ ఈ మార్పులను లెక్కగట్టాడు. మంచుయుగాల రాకపోకలకు మూలం ఇవే. అయితే అక్షం వంపు ఒక చక్రం పూర్తి చేయటానికే సుమారు 41,000 ఏళ్ళు పడుతుంది.

రెండోది, సూర్యుడు. సుమారు 11 ఏళ్ళకొకసారి సూర్యశక్తిలో హెచ్చుతగ్గులు వస్తాయి. ఆ తేడా వెయ్యింట ఒక వంతు మాత్రమే.

మూడోది, అగ్నిపర్వతాలు. 1815లో ఇండోనేషియాలో తంబోరా బద్దలయింది. మరుసటి ఏడాది ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాల్లో అనేక చోట్ల వేసవి చల్లబడి, పంటలు పాడయ్యాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో బద్దలయినప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. రెండు మూడేళ్ళలో ఆ ప్రభావం తొలగిపోయింది. అంటే ఈ విస్ఫోటనాలు భూమిని కొంతకాలం చల్లబరిచాయే గాని వేడెక్కించలేదన్నమాట.

మానవ కారణాలు

కార్బన్ డయాక్సైడ్, మిథేన్ వంటి వాయువులు భూమి వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతాయి. అవి బొత్తిగా లేకపోతే భూమి గడ్డకట్టిపోయేది. కనుక వాటి ఉనికి మేలే, మితిమీరటమే కీడు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలోని పది లక్షల భాగాల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 భాగాలుండేది. 2024 నాటికి అది 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించటం, అడవులు నరకటం, సిమెంటు తయారీ ఇందుకు కారణాలు. నీరు నిలిచిన వరిమళ్ళు, పశువులు, చెత్తకుప్పల నుండి మిథేన్ వెలువడుతుంది.

సాక్ష్యం ఏమిటి?

ఎవరిపైనైనా నేరం మోపే ముందు సాక్ష్యం చూడాలి. ఇక్కడ మూడు సాక్ష్యాలున్నాయి.

1. 1978 నుండి ఉపగ్రహాలు సూర్యశక్తిని కొలుస్తున్నాయి. అది పెరుగుతూ పోయిన దాఖలా లేదు. భూమి మాత్రం వేడెక్కుతూనే ఉంది.

2. సూర్యుడే కారణమైతే వాతావరణం పైపొరలు కూడా వేడెక్కాలి. కాని కింది పొర వేడెక్కుతుంటే దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కిందనే చిక్కుకుపోతోందనటానికి ఇది గుర్తు.

3. బొగ్గు, పెట్రోలియం కోట్ల ఏళ్ళనాటివి. వాటిలో కార్బన్-14 మిగిలి ఉండదు. గాలిలో పెరిగిన కార్బన్‌లో ఆ పాత కార్బన్ ముద్ర కనిపిస్తోంది. ఇక అగ్నిపర్వతాలు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనిషి వదిలే దానిలో నూరింట ఒక వంతు కన్నా తక్కువ.

అందుకే 19వ శతాబ్దం చివరి భాగం నుండి గత దశాబ్దం వరకు పెరిగిన సుమారు 1.1 డిగ్రీల వేడి దాదాపు అంతా మనిషి వల్లనే వచ్చిందని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021లో తేల్చింది.

మన బాధ్యత

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణాల్లో వడగాడ్పులకు వేయి మందికి పైగా మరణించారు. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు ఎందరో ఉన్నారు. ఏ ఒక్క వడగాడ్పుకూ భూతాపమే ఏకైక కారణమని చెప్పలేం. కాని భూమి వేడెక్కేకొద్దీ ఇలాంటివి తరచవుతాయి, తీవ్రమవుతాయి. కారు గాని, ఏసీ గాని లేనివారే ముందుగా బలవుతారు.

తప్పు ప్రకృతిదే అయితే మనకు మిగిలేది ఓర్పు ఒక్కటే. మన చేతులదే అయినప్పుడు ఓర్పుతో సరిపోదు, దిద్దుకోవటం కూడా మన విధే అవుతుంది. ఈ పాఠం చదివాక, “మనిషి చేసిందేముంది?” అనే ప్రశ్న మళ్ళీ వినబడితే మనమేం జవాబు చెబుతామో ఆలోచించుకుందాం.