లాడ్జి పిలుపు – విశ్వాసి జవాబు



మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుండి హైదరాబాదు వెళ్లి స్థిరపడిన మన బిడ్డలు ఎందరో. "మా లాడ్జిలో చేరండి, పదిమందికి మేలు చేద్దాం" అని వారినెవరైనా పిలిస్తే ఏమనాలి? ఈ లాడ్జి బస చేసే చోటు కాదు, ఫ్రీమేసన్ల శాఖ.

ఆంగ్లేయులతో ఈ సంఘం మన దేశానికి వచ్చింది. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 1872లో వీరి చేతికి వచ్చింది. ఒకప్పుడు దొరలు, నవాబులు కూడిన ఈ సంఘంలో నేడు డాక్టర్లు, వకీళ్లు, వ్యాపారులు ఉన్నారు. 1961లో భారత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. దానధర్మాలు చేస్తున్నారు, అది మంచిదే.

అయితే శ్రీసభ మాట మారలేదు. 1738లో 12వ క్లెమెంటు పోపుగారు నిషేధించారు. 1983 నాటి కొత్త ధర్మశాస్త్రంలో ఈ సంఘం పేరు లేకపోవడంతో కొందరు నిషేధం తొలగిందనుకున్నారు. చేరినవారు ఘోర పాపస్థితిలో ఉంటారని, దివ్యసత్ప్రసాదం స్వీకరించరాదని అదే ఏడాది నవంబరు 26న రోము ప్రకటించింది. 2023లో మళ్లీ ధ్రువపరచింది.

ఎందుకు? రహస్యం ఒక్కటే కారణం కాదు. పరమశక్తి ఒకటున్నదని నమ్మితే చాలు, ఏ మతమైనా ఒకటే అన్నట్లు అక్కడ నడుస్తుంది. మనకు క్రీస్తు పదిమందిలో ఒకరు కారు.

రాఘవేంద్రస్వామి యాత్రికుల మధ్య బతికే మనకు పరమత గౌరవం కొత్త కాదు. పొరుగువారి విశ్వాసాన్ని గౌరవించడం వేరు. మన విశ్వాసాన్ని గుమ్మం బయట విడిచి ప్రమాణం చేయడం వేరు.

కనుక ఫ్రీమేసన్లను ద్వేషించకండి. సేవ చేయాలంటే విచారణలోనే పని ఉంది. ఇప్పటికే చేరినవారు విచారణ గురువులను కలవండి. తిరిగివచ్చే తలుపు తెరిచే ఉంది.