పోకెమాన్ గో గ్రేట్ లీగ్: మూడు పోకెమాన్‌లతో బ్యాలెన్స్‌డ్ టీమ్ కట్టడం ఎలా?

పోకెమాన్ గోలో బ్యాటిల్ లీగ్‌కి కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది మొదట చేసే పని ఒకటే. ర్యాంకింగ్ లిస్ట్ తెరుస్తారు, టాప్‌లో ఉన్న మూడింటిని ఎంచుకుంటారు, నెలల తరబడి కూడబెట్టిన స్టార్‌డస్ట్ మొత్తం వాటి మీద పోసేస్తారు. ఆ తర్వాత వరసగా ఓడిపోతారు. "లిస్ట్‌లో టాప్ త్రీయే కదా తీసుకున్నాం, మరి ఎందుకు ఓడిపోతున్నాం?" అనేది అందరూ అడిగే ప్రశ్న.

జవాబు సింపుల్. లిస్ట్ ఒక్కో పోకెమాన్‌కి విడివిడిగా మార్కులు వేస్తుంది. మ్యాచ్‌లో మాత్రం మూడూ కలిసి ఆడాలి. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరన్నట్టు, మూడూ స్టార్లే అయినా మూడింటికీ ఒకటే బలహీనత ఉంటే ఆ టీమ్ నిలబడదు. అందుకే టీమ్ కట్టేటప్పుడు "ఏది బలమైనది?" అని కాకుండా "ఇది దేని చేతిలో ఓడిపోతుంది? అప్పుడు కాపాడేది ఎవరు?" అని మొదలుపెట్టాలి. ఈ ఆర్టికల్‌లో అదే పద్ధతిలో ఒక టీమ్‌ని మొదటి నుంచి కట్టి చూద్దాం.

ముందు రూల్స్ ఒకసారి

గ్రేట్ లీగ్‌లో ఒక్కో పోకెమాన్ సీపీ 1500 దాటకూడదు. అల్ట్రా లీగ్‌లో ఆ హద్దు 2500. మాస్టర్ లీగ్‌లో హద్దే లేదు. కొత్తవాళ్లకి గ్రేట్ లీగే బెస్ట్, ఎందుకంటే ఇక్కడ అరుదైన లెజెండరీలు లేకపోయినా గెలవొచ్చు.

మీ దగ్గర మూడు పోకెమాన్‌లు, రెండు షీల్డ్‌లు ఉంటాయి. ఎదుటివాళ్లకీ అంతే. ఫాస్ట్ మూవ్ కొడుతూ ఎనర్జీ పోగేసి, దానితో ఛార్జ్‌డ్ మూవ్ వెయ్యాలి. షీల్డ్ వాడితే ఒక ఛార్జ్‌డ్ మూవ్ దెబ్బ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. మధ్యలో పోకెమాన్‌ని మార్చొచ్చు, కానీ ఒకసారి మార్చాక టైమర్ పూర్తయ్యేదాకా మళ్లీ మార్చడం కుదరదు. చాలా మ్యాచ్‌ల ఫలితం తేలేది ఈ టైమర్ దగ్గరే.

1500లో ఎక్కువ అటాక్ ఉంటే నష్టమేంటి?

ప్రతి పోకెమాన్‌కి అటాక్, డిఫెన్స్, హెచ్‌పీ అని మూడు ఐవీలు ఉంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 15 వరకు. అప్రైజల్‌లో కనిపించే మూడు గీతలు ఇవే. మూడూ 15 ఉంటే "హండో" దొరికిందని సంబరపడతాం. మాస్టర్ లీగ్‌కి అది నిజంగానే వరం. గ్రేట్ లీగ్‌లో మాత్రం లెక్క వేరు.

సీపీ లెక్కించే ఫార్ములాలో అటాక్ పూర్తిగా చేరుతుంది. డిఫెన్స్, హెచ్‌పీల నుంచి వర్గమూలాలు మాత్రమే చేరతాయి. అంటే అటాక్ పెరిగితే సీపీ త్వరగా పెరుగుతుంది, 1500 హద్దు త్వరగా వచ్చేస్తుంది. అటాక్ ఐవీ తక్కువగా, మిగతా రెండూ ఎక్కువగా ఉన్న పోకెమాన్‌ని అదే 1500 లోపల ఇంకొన్ని లెవెల్స్ పైకి తీసుకెళ్లొచ్చు. సీపీ ఒకటే అయినా అది ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుంది. అందుకే అప్రైజల్‌లో అటాక్ గీత ఖాళీగా, మిగతా రెండూ నిండుగా కనిపిస్తే ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. హండో మాస్టర్ లీగ్ కోసం దాచుకోండి.

టైప్ లెక్క: మూడు నంబర్లు చాలు

పోకెమాన్ గోలో ఒక టైప్ అటాక్ ఇంకో టైప్ మీద బాగా పనిచేస్తే దెబ్బ 1.6 రెట్లు. సరిగా పనిచేయకపోతే 0.625 రెట్లు. అసలు మూల గేమ్‌లలో ఏ ప్రభావమూ ఉండని చోట ఇక్కడ 0.39 రెట్లు పడుతుంది. పోకెమాన్‌కి రెండు టైప్‌లు ఉంటే రెండు నంబర్లనీ గుణించాలి. అంటే రెండు టైప్‌లూ బలహీనమైతే దెబ్బ 2.56 రెట్లు. అలాంటి దెబ్బ ఒక్కటి తగిలితే చాలా పోకెమాన్‌లు లేవవు. పోకెమాన్ తన సొంత టైప్ మూవ్ వాడితే దెబ్బ ఇంకో 1.2 రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు టీమ్ కడదాం

మొదటిది: అజుమరిల్. వాటర్, ఫెయిరీ టైప్‌లు. దీని అటాక్ తక్కువ, హెచ్‌పీ చాలా ఎక్కువ. పైన చెప్పిన సీపీ లెక్క ప్రకారం గ్రేట్ లీగ్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. ఇక అసలు ప్రశ్న, ఇది దేని చేతిలో ఓడిపోతుంది? గ్రాస్, ఎలక్ట్రిక్, పాయిజన్. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.

రెండోది: స్కార్మొరీ. స్టీల్, ఫ్లయింగ్ టైప్‌లు. గ్రాస్ దెబ్బని స్టీల్ తగ్గిస్తుంది, ఫ్లయింగ్ కూడా తగ్గిస్తుంది. రెండూ గుణిస్తే 0.39. పాయిజన్ కూడా దీని మీద 0.39 మాత్రమే. అంటే అజుమరిల్‌ని భయపెట్టే మూడింట్లో రెండు స్కార్మొరీని పెద్దగా కదిలించలేవు. పైగా దీని ఫ్లయింగ్ మూవ్‌లు గ్రాస్ టైప్‌ల మీద 1.6 రెట్లు పడతాయి. వీనసార్ ఎదురుపడితే స్కార్మొరీకి పండగే.

అయితే స్కార్మొరీకీ రెండు బలహీనతలున్నాయి: ఫైర్, ఎలక్ట్రిక్. కాగితం చూడండి. ఎలక్ట్రిక్ రెండుసార్లు వచ్చింది. ఇక్కడే చాలామంది టీమ్‌లు దారి తప్పుతాయి. మూడోది ఎంచుకునేటప్పుడు "నాకు చారిజార్డ్ అంటే ఇష్టం" అని దాన్ని పెట్టేస్తారు. చారిజార్డ్ ఫైర్, ఫ్లయింగ్ కాబట్టి దానికీ ఎలక్ట్రిక్ అంటే చిక్కే. అప్పుడు ఒక్క లాంటర్న్ వచ్చి మూడింటినీ ఊడ్చేస్తుంది.

మూడోది: స్వాంపర్ట్. వాటర్, గ్రౌండ్ టైప్‌లు. వాటర్ వల్ల ఎలక్ట్రిక్ దెబ్బ పెరగాలి, కానీ గ్రౌండ్ దాన్ని బాగా అణిచేస్తుంది. రెండూ గుణిస్తే 0.625. ఫైర్ దీని మీద సరిగా పనిచేయదు, పాయిజన్ కూడా అంతే. దీనికి ఉన్న బలహీనత ఒక్కటే, గ్రాస్. కాకపోతే అది రెండింతలు, అంటే 2.56 రెట్లు.

ఇప్పుడు కాగితం మొత్తం ఒకసారి చూద్దాం:

- గ్రాస్: అజుమరిల్, స్వాంపర్ట్‌లకి ప్రమాదం. కాపాడేది స్కార్మొరీ.
- ఎలక్ట్రిక్: అజుమరిల్, స్కార్మొరీలకి ప్రమాదం. కాపాడేది స్వాంపర్ట్.
- పాయిజన్: అజుమరిల్‌కి ప్రమాదం. మిగతా రెండూ కాపాడతాయి.
- ఫైర్: స్కార్మొరీకి ప్రమాదం. మిగతా రెండూ కాపాడతాయి.

ప్రతి బలహీనతకీ టీమ్‌లో కనీసం ఒక సమాధానం ఉంది. బ్యాలెన్స్ అంటే ఇదే. మూడు రంగుల పోకెమాన్‌లు పెడితేనో, మూడూ వేర్వేరు టైప్‌లు అయితేనో బ్యాలెన్స్ రాదు. ఈ టీమ్‌లో రెండు వాటర్ టైప్‌లున్నా లెక్క కుదిరింది కదా!

ఎవరు ఎప్పుడు దిగాలి?

టీమ్ ఎంత బాగున్నా ఆర్డర్ తప్పితే లాభం లేదు. క్రికెట్‌లో ఓపెనర్, ఫినిషర్ వేరువేరుగా ఉన్నట్టే ఇక్కడా మూడు పాత్రలున్నాయి.

లీడ్: మొదట దిగేది. ఈ టీమ్‌లో స్కార్మొరీ. ఎదురుగా అనుకూలమైనది వస్తే కొనసాగించండి. ఫైర్ టైప్ వస్తే మార్చాలి.

సేఫ్ స్వాప్: లీడ్ కష్టాల్లో పడితే వచ్చేది. ఎవరు ఎదురైనా కాసేపు నిలబడగలగాలి. హెచ్‌పీ దండిగా ఉన్న అజుమరిల్ ఈ పనికి సరిపోతుంది. దాన్ని చూడగానే ఎదుటివాళ్లు తమ గ్రాస్ పోకెమాన్‌ని బయటికి తీస్తారు. మనకి కావాల్సిందీ అదే. ఆ గ్రాస్‌ని స్కార్మొరీ చూసుకుంటుంది.

క్లోజర్: షీల్డ్‌లు అయిపోయాక వచ్చి మ్యాచ్ ముగించేది. స్వాంపర్ట్ మడ్ షాట్‌తో ఎనర్జీ త్వరగా పోగేసి, హైడ్రో కానన్‌తో గట్టిగా కొడుతుంది. అప్పటికి ఎదుటివాళ్ల గ్రాస్ పోకెమాన్ వెళ్లిపోయి ఉంటే స్వాంపర్ట్‌ని ఆపడం కష్టం.

ఒక్క జాగ్రత్త. మొదట్లోనే ఎలక్ట్రిక్ టైప్ ఎదురైతే అలవాటుగా అజుమరిల్‌ని దించకండి. దానికీ అదే బలహీనత. నేరుగా స్వాంపర్ట్‌నే దించండి. పాత్రలు గైడ్ లాంటివి మాత్రమే, ఎదురుగా ఎవరున్నారో చూసి నిర్ణయం తీసుకోవాలి.

ఇంకో చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. పోకెమాన్‌ని మార్చినా అది పోగేసుకున్న ఎనర్జీ అలాగే ఉంటుంది. అటాక్, డిఫెన్స్‌లలో వచ్చిన పెరుగుదల, తరుగుదల మాత్రం మారగానే పోతాయి. కాబట్టి ఎనర్జీ నింపుకుని వెనక్కి వెళ్లిన పోకెమాన్ తిరిగి వచ్చాక వెంటనే ఛార్జ్‌డ్ మూవ్ వెయ్యగలదు.

ఈ టీమ్‌లో కన్నం ఎక్కడుంది?

ఏ టీమ్‌కైనా ఒక కన్నం ఉంటుంది. మనది హిసుయి రూపంలో ఉండే ఎలక్ట్రోడ్. దాని టైప్‌లు ఎలక్ట్రిక్, గ్రాస్. ఎలక్ట్రిక్‌తో స్కార్మొరీని, గ్రాస్‌తో స్వాంపర్ట్‌ని, రెండింటితోనూ అజుమరిల్‌ని కొట్టగలదు. అజుమరిల్ ఐస్ బీమ్ దాని మీద 1.6 రెట్లు పడుతుంది కాబట్టి ఆశ పూర్తిగా పోదు. కానీ ఆ మ్యాచ్‌లో షీల్డ్‌లు జాగ్రత్తగా దాచుకోవాలి.

దీన్ని పూడ్చాలని ఒక పోకెమాన్‌ని మారిస్తే ఇంకోచోట కన్నం పడుతుంది. మరి ఏం చెయ్యాలి? తరచూ ఎదురయ్యేవాటికి సమాధానం ఉంచుకుని, అరుదుగా వచ్చేదానికి రిస్క్ తీసుకోవాలి. ఒకరోజు ఆడిన మ్యాచ్‌లలో ఏ పోకెమాన్ ఎన్నిసార్లు వచ్చిందో నోట్స్ యాప్‌లో రాసుకుంటే మీ రేంజ్‌లో ఏది తరచుగా వస్తోందో తెలిసిపోతుంది. పీవీపోక్ లాంటి సైట్‌లో మీ మూడు పోకెమాన్‌ల పేర్లు ఇస్తే ప్రమాదకరమైనవి ఏవో లిస్ట్ ఇస్తుంది. ర్యాంకింగ్ పేజీ కంటే ఆ పేజీయే ఎక్కువ ఉపయోగం.

స్టార్‌డస్ట్ ఎక్కడ పెట్టాలి?

అసలు కష్టం ఇక్కడే. స్టార్‌డస్ట్ నెమ్మదిగా వస్తుంది, క్షణాల్లో ఖర్చవుతుంది. ముందు రెండో ఛార్జ్‌డ్ మూవ్‌కి ప్రాధాన్యం ఇవ్వండి. ఒకే మూవ్ ఉంటే మీరేం వేస్తారో ఎదుటివాళ్లకి ముందే తెలిసిపోతుంది. రెండు ఉంటే తక్కువ ఎనర్జీ మూవ్ వేసి షీల్డ్ రాబట్టొచ్చు, ఆ తర్వాత పెద్దది వెయ్యొచ్చు. దీని ఖర్చు పోకెమాన్‌ని బట్టి 10,000 నుంచి 1,00,000 స్టార్‌డస్ట్ దాకా, దాంతో పాటు క్యాండీలు కూడా. మడ్‌కిప్ లాంటి స్టార్టర్ కుటుంబాలకి 10,000 స్టార్‌డస్ట్, 25 క్యాండీలే. బడ్జెట్‌లో టీమ్ కట్టాలంటే స్టార్టర్‌లతో మొదలుపెట్టమనేది అందుకే.

పవర్ అప్ చేసేటప్పుడు చివర్లో ఒక్కో అడుగు చూసుకుంటూ వెళ్లండి. సీపీ 1501 అయినా ఆ పోకెమాన్ గ్రేట్ లీగ్‌కి పనికిరాదు, వెనక్కి తగ్గించే దారి లేదు. ఎవాల్వ్ చేస్తే సీపీ ఎంతవుతుందో కూడా ముందే లెక్క చూసుకోండి. హైడ్రో కానన్ లాంటి స్పెషల్ మూవ్ మామూలు రోజుల్లో ఎవాల్వ్ చేస్తే రాదు. దాని ఈవెంట్ వచ్చేదాకా ఆగండి, లేదా ఎలైట్ టీఎమ్ వాడాల్సి వస్తుంది.

ఫోన్ సంగతి

ఈ గేమ్‌లో ఒక టర్న్ అంటే అర సెకను. నెట్ ఒక్క సెకను ఆగితే రెండు టర్న్‌లు పోయినట్టే. అందుకే స్పీడ్ టెస్ట్‌లో ఎన్ని ఎంబీపీఎస్ వచ్చిందన్నది కాదు, కనెక్షన్ నిలకడగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. బ్యాక్‌గ్రౌండ్ డౌన్‌లోడ్‌లు ఆపండి. వైఫై, మొబైల్ డేటా మధ్య ఫోన్ అటూ ఇటూ మారకుండా ఏదో ఒకదాని మీదే ఉంచండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే పర్ఫార్మెన్స్ తగ్గొచ్చు, మ్యాచ్ అప్పుడు ఆఫ్ చేయండి. ఫోన్ వేడెక్కితే కాస్త విరామం ఇవ్వండి. ఇలా చూసుకుంటే ఖరీదైన గేమింగ్ ఫోన్ లేకపోయినా ఆడొచ్చు.

ఇక మీ వంతు

2022లో లండన్‌లో జరిగిన పోకెమాన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో తొలిసారి పోకెమాన్ గో పోటీ పెట్టారు. 2025లో ఆ టైటిల్ భారత ఆటగాడికే దక్కింది. ఆ టోర్నమెంట్‌లు జరిగేది కూడా ఈ గ్రేట్ లీగ్‌లోనే. అక్కడ ఆరు పోకెమాన్‌లు చూపించి, ఎదుటివాళ్ల ఆరింటిని చూసి, మూడింటిని ఎంచుకోవాలి. పోటీ ఎంత పెద్దదైనా ప్రశ్న మారదు: ఇది దేని చేతిలో ఓడిపోతుంది, కాపాడేది ఎవరు?

కొత్త సీజన్ వచ్చినప్పుడల్లా కొన్ని మూవ్‌ల బలం మారుతుంది, ర్యాంకింగ్ లిస్ట్‌లు తారుమారవుతాయి. ఈ రోజు మనం కట్టిన టీమ్ కూడా రేపు వెనకబడొచ్చు. టైప్‌ల లెక్క మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి పవర్ అప్ బటన్ మీద వేలు పెట్టే ముందు ఒక కాగితం తీసుకుని, మీకు బాగా నచ్చిన పోకెమాన్ పేరు, దాని కింద బలహీనతలు రాయండి. మిగతా ఇద్దరు ఎవరో ఆ కాగితమే చెబుతుంది.