పత్తి మిరప చేలలో తఱుగుచున్న జీవజాలము

శీతకాలమున వర్షములును, వేసవిని వట్టి యెండయు గల దేశములు భూగోళమున నైదు తావుల నున్నవి. మధ్యధరా సముద్రతీరము, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతము, ఆస్ట్రేలియా నైరృతి భాగము అను నివియే యవి. భూమిలో నివి స్వల్పభాగమే యైనను, లోకమందలి వృక్షజాతులలో నించుమించుగా నైదవవంతు వీనియందే కలవు. అచ్చట బీడులు దున్నబడుటచేతను, పరదేశపు మొక్కలు వ్యాపించుటచేతను స్థానిక జాతులు నశించుచున్నవి. కేప్ ప్రాంతపు పొదలను ఆస్ట్రేలియా తుమ్మలు త్రోసివేయుచున్నవి. మనది ఋతుపవనముల దేశము. ఐనను ఆ పాఠమును మన యూరి గట్టుమీదనే చదువుకొనవచ్చును. అమెరికానుండి వచ్చిన సర్కారుతుమ్మ మన చెరువుగట్లను, డొంకలను ఎట్లాక్రమించినదో చూడని విద్యార్థి యుండడు.

గుంటూరునుండి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు పోవువారికి ఇరుప్రక్కల నల్లరేగడి భూములు కనబడును. పూర్వ మీ సీమలో కోకనాడ పత్తి యను దేశవాళి జాతిని పండించెడివారు. దాని దూది కొంచె మెఱుపు డాలు గలది, పింజ పొట్టిది. కాని యెండకు నోర్చునది. జొన్న, సజ్జ, కంది మొదలగు పైరులును ఆ భూములలోనే పండుచుండెను. పైరులు పలువిధములైనచో పురుగులును, వానిని తిను పక్షులును పలువిధములుగనే యుండును. పొడవు పింజగల అమెరికా పత్తి వచ్చినపిమ్మట మైళ్లకొలది యొకే పైరు నిలిచినది. మిరపయు అమెరికానుండి వచ్చినదే సుమా! కావున పరదేశపుదను మాత్రమున దేనిని నిందింపరాదు. వైవిధ్యము పోవుటయే యిచ్చటి యాపద.

ఆ యాపద 1984-85లో స్పష్టముగ కనబడినది. గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిపై తెల్లదోమ విపరీతముగ వ్యాపించెను. పైరిత్రాయిడ్ అను క్రొత్త మందులను మరల మరల చల్లుట దీనికొక ముఖ్యకారణము. ఆ మందులు తెల్లదోమను తినెడి అక్షింతల పురుగులను, అల్లికరెక్కల పురుగులను ముందుగ చంపినవి. శత్రువులు లేని దోమ వృద్ధిచెందినది. 1987-88లో పచ్చపురుగు మందులకు లొంగక కాయలను తొలిచివేసెను. పంట పోయి, మందుల యప్పు మిగిలి, పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. జీవవైవిధ్యమన్నది అడవిమృగముల ముచ్చట యని తలంచువారు ఈ రెండేండ్లను జ్ఞాపకముంచుకొనవలెను.

2002లో బీటీ పత్తికి అనుమతి లభించినది. పచ్చపురుగు బాధ తగ్గిన మాట నిజమే. కొన్ని సంవత్సరములకు గులాబిరంగు పురుగు ఆ విషమునకు నలవాటు పడెను. 2021లో మిరప వంతు వచ్చినది. ఆగ్నేయాసియానుండి వచ్చిన నల్ల తామరపురుగు పూవులలో దూరి వానిని రాల్చివేయగా, కొందఱు రైతులు మొక్కలను పెరికివేసిరి. మరల మందులే, మరల మిత్రకీటకముల నాశనమే. దసరానాడు మనము వెదకి చూచెడి పాలపిట్టయు, పశువుల వీపుపై వాలు పసులపోలిగాడును పురుగులను తినియే బ్రదుకును. చేనిలో పురుగునకు విషము పెట్టితిమేని ఆ పక్షుల యాహారమునకు పెట్టినట్లే.

మొన్న శీతకాలమున మేము విద్యార్థులతో నొక మిరపచేనికి పోయితిమి. చుట్టును రెండు వరుసలు జొన్న, నడుమ నక్కడక్కడ బంతి మొక్కలు నుండెను. పిల్లలు ఆకులను త్రిప్పి చూచి అక్షింతల పురుగులను గుర్తించి సంతసించిరి. ఇంతలో ఆ రైతు, "అయ్యవారూ, యీ పురుగు ఆ పురుగును తినువఱకు నా అప్పు ఆగునా?" యని యడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు. ఒక యెకరము మిరపకెంత పెట్టుబడి కావలెనో ఎఱిగినవా రాతనిని తప్పుపట్టజాలరు. వేపగింజల కషాయము, పక్షులు వాలుటకు కొయ్యలు, నీలిరంగు జిగురట్టలు మున్నగు వానిని గూర్చి తెలిపితిమి. ఆత డన్నియు విని, గట్టు ప్రక్కనున్న నాలుగు సాళ్లకు మాత్రము ఈసారి మందు చల్లక విడిచెదనని చెప్పెను. సంక్రాంతి సెలవులు గడచిన పిదప ఆ సాళ్లను చూడబోవుదుము.