మధుమేహం, స్టెరాయిడ్లు - కంటికి ముప్పు

సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను వర్ణించాడు. గురుకులంలో వాటిని కంఠస్థం చేసిన నాకు 2021 వేసవిలో చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్ల నుండి వచ్చిన ప్రశ్న కొత్తది: "కరోనా తగ్గిందండీ, కాని ఒక కన్ను వాచింది. త్రిఫలా కషాయంతో కడగవచ్చా?"

కడగవద్దు, ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి అన్నాను. అది కంటిలో పుట్టిన వ్యాధి కాదు. మ్యూకర్ జాతి బూజు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండేదే. రక్తంలో చక్కెర మితిమీరి, దానికి స్టెరాయిడ్లు తోడైనప్పుడు తెల్లరక్తకణాలు దానిని ఎదిరించలేవు. అది ముక్కులో నాటుకొని, సైనస్‌ల గుండా కంటిగూటికి, అటుపై మెదడుకు ప్రాకుతుంది. దారిలోని రక్తనాళాలను మూసివేస్తుంది. కణజాలం నల్లబడేది అందుచేతనే. ప్రాణవాయువు అవసరమైన కరోనా రోగులలో ఎందరినో స్టెరాయిడ్లే నిలబెట్టాయి. అవే చక్కెరనూ పెంచుతాయి.

2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దీనిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. నారాయణగూడకు చేరువలోని కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి చికిత్సా కేంద్రమైంది. యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లు, చచ్చిన కణజాలాన్ని శస్త్రచికిత్సతో తొలగించడం - ఇవే మార్గాలు. కొందరికి ప్రాణరక్షణకై కన్నే తీయవలసి వచ్చింది. మా కషాయాలు, లేపాలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

ముఖంలో ఒక ప్రక్క నొప్పి లేక తిమ్మిరి, ముక్కు నుండి నల్లని స్రావం, రెప్ప వాలుట, వస్తువులు రెండుగా కనిపించుట - మధుమేహులు వీటిలో ఏది కనిపించినా మరునాటికి వాయిదా వేయరాదు. ఆయాసానికో, కీళ్లవాతానికో స్టెరాయిడ్లు వాడుతున్నవారు తమంతట తాము మానరాదు. వైద్యుని అడిగి చక్కెర పరీక్ష చేయించుకొనవలెను.