లాలాగూడ: రైలు వాళ్ల పేట

బౌరంపేట నుంచి మేడ్చల్ పోయి రైలు ఎక్కితే సికింద్రాబాద్ చేరవచ్చు. దారిలో బొల్లారం, అల్వాల్, మల్కాజిగిరి వస్తాయి. మల్కాజిగిరి దాటితే లాలాగూడ. దాని పక్కనే మెట్టుగూడ. అక్కడ వరుసగా ఒకే తీరు ఇండ్లు ఉంటాయి. వాటిని క్వార్టర్లు అంటారు. ఒక ఇంటిని చూస్తే ఆ వరుసంతా చూసినట్టే.

ఆ ఇండ్లను ఎవరు కట్టుకున్నారు? అందులో ఉన్నవాళ్లు కట్టుకోలేదు. రైల్వే కట్టించింది.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. వాడి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. అప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. 1889 నాటికి పట్టాలు బెజవాడ దాకా పోయాయి. రైళ్లు పెరిగాయి. ఇనుప చక్రం అరుగుతుంది. ఇరుసు వంగుతుంది. పెట్టె పాతబడుతుంది. వీటిని బాగు చేయడానికి 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టారు. కమ్మరి పని, వడ్రంగి పని, రంగుల పని తెలిసినవాళ్లు కావాల్సి వచ్చింది. బరువులు మోసే ఖలాసీలు కావాల్సి వచ్చింది.

పని దగ్గరే ఇల్లు ఎందుకు? వర్క్‌షాపులో సైరన్ మోగుతుంది. మోగేసరికి మనిషి గేటు దగ్గర ఉండాలి. డ్రైవర్ల సంగతి ఇంకా కష్టం. రైలుకు రాత్రీ పగలూ లేదు. నడిరాత్రి కాల్‌మ్యాన్ వచ్చి తలుపు కొట్టేవాడు. చేతిలో పుస్తకం ఉండేది. "ఫలానా బండికి మీరు పోవాలె" అనేవాడు. డ్రైవరు పుస్తకంలో సంతకం పెట్టేవాడు. ఇల్లాలు కూడా లేచేది. పొయ్యి రాజేసి డబ్బా కట్టి ఇచ్చేది. డ్యూటీ మగవాడిదే, నిద్ర మాత్రం ఇద్దరికీ పోయేది! ఆమె పనికి జీతం లెక్క ఎక్కడా రాయలేదు.

ఇలాంటి రైలు పేటలు దేశంలో చాలా ఉన్నాయి. బీహారులోని జమాల్‌పూర్‌లో 1862లోనే వర్క్‌షాపు పెట్టారు. ఊరు దాని చుట్టూ పెరిగింది.

క్వార్టర్లు అందరికీ ఒకటి కాదు. ఆఫీసరుకు తోట ఉన్న బంగళా. ఖలాసీకి చిన్న గది, వంటిల్లు. ఇంటిని చూసి ఉద్యోగం ఏమిటో చెప్పవచ్చు. అయినా లాలాగూడలో రైల్వే ఆసుపత్రి ఉంది. జబ్బు చేస్తే ఖలాసీ కుటుంబం కూడా అక్కడికే పోతుంది. పల్లె నుంచి వచ్చినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

కాని ఆ ఇంటికి పట్టా లేదు. ఉద్యోగం ఉన్నన్ని రోజులే ఇల్లు. ఇది 1974లో అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడు మే 8న దేశమంతటా రైలు కార్మికులు సమ్మె చేశారు. జీతం పెంచాలని, పని గంటలు తగ్గించాలని అడిగారు. సమ్మె దాదాపు 20 రోజులు సాగింది. వేల మందిని జైలులో పెట్టారు. వేల మంది ఉద్యోగాలు పోయాయి. దేశంలో చాలాచోట్ల పోలీసులు క్వార్టర్ల మీదికి వచ్చారు. సామాను బయట పడేశారు. మగవాళ్లు జైలులోనో, దాక్కునో ఉన్నారు. పిల్లలతో గడపలో నిలబడింది ఆడవాళ్లే. 1977లో ప్రభుత్వం మారింది. తీసేసిన వాళ్లను మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

సమ్మె లేకున్నా రిటైర్ అయితే ఇల్లు ఖాళీ చేయాలి. కొన్ని నెలల గడువు ఇస్తారు. ముప్పై ఏండ్లు ముగ్గు వేసిన వాకిలిని వదిలిపోవాలి. అందుకే చాలామంది ముందునుంచే పైసా పైసా కూడబెట్టేవారు. మల్కాజిగిరి, మౌలాలి వైపు చిన్న జాగా కొనుక్కునేవారు.

ఉద్యోగంలో ఉండగా భర్త చనిపోతే, అర్హతను బట్టి భార్యకు గాని, బిడ్డకు గాని రైల్వే ఉద్యోగం ఇస్తుంది. దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితాలు చూపాలి. అట్లా ఉద్యోగంలో చేరిన ఆడవాళ్లు ఉన్నారు. క్వార్టరు కాగితం మీద అప్పుడు ఆమె పేరు రాస్తారు. కింద సంతకం కూడా ఆమెదే.